చిన్నవాడికి, హార్మోనికా సినిమా చూసిన మర్నాడు

చిరంజీవి చిన్నాకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ సంవత్సరీకం నాడు బస్సెక్కినవాడివి, మళ్ళీ ఫోను లేదు. పని ఎక్కువగా ఉందనుకుంటున్నాను. పెద్దత్త మాత్రం వేరే సంగతేదో చెప్పింది. ఆవిడ చెప్పినదాంట్లో సగం తీసేసి వినాలని మీ అమ్మ అనేది కదా, అందుకని దాని జోలికి పోను. రాత్రి చూసిన సినిమా గురించి రాద్దామని కూర్చున్నాను.

'వన్స్ అపాన్ ఎ టైం ఇన్ ది వెస్ట్'. బుజ్జి వెతికి పెట్టాడు. సెర్జియో లియోనె 1968లో తీశాడు. మాకు 1971లో కృష్ణ 'మోసగాళ్ళకు మోసగాడు'తో గుర్రాల పిచ్చి పట్టుకుంది. ఆ తరువాత ఆదివారం ఉదయం ఆటకు ఏ ఇంగ్లీషు సినిమా వచ్చినా సత్యం, నేను ఒకే సైకిలు మీద టౌనుకు పోయేవాళ్ళం. ఇదీ అలా చూసిందే. మొదట్లో స్టేషనులో ముగ్గురు మనుషులు రైలు కోసం కాచుకుని ఉంటారు. ఒకడి ముఖం మీద ఈగ, ఇంకొకడి టోపీ మీద చుక్కచుక్కగా పడే నీళ్ళు, గాలిమర కిర్రుమనే చప్పుడు. మాటలు దాదాపు లేవు. అప్పట్లో హాలంతా విసుగెత్తి అరిచింది. రాత్రి నాకు ఆ ముక్కే అన్నిటికంటే నచ్చింది. ఒక మనిషి రాక కోసం కాచుకుని ఉండటం ఎంత పెద్ద పనో ఈ వయసుకు గాని తెలియలేదు.

విలను ఫ్రాంక్‌గా హెన్రీ ఫోండా. అంతకు ముందంతా మంచివాడి వేషాలకు పేరుపడ్డ నటుడు. మన దగ్గర ఎప్పుడూ రాముడి వేషం కట్టే మనిషి పసివాణ్ణి కాల్చి చంపితే ఎలా ఉంటుంది? అలా ఉంటుంది. ఆ నీలికళ్ళతో నవ్వుతూ కాలుస్తాడు. అనుచరుడొకడు పిల్లవాడి ఎదుట ఫ్రాంక్ పేరు పలికాడు, అంతే కారణం. వాడి కోసం వెతుక్కుంటూ వచ్చేవాడు చార్లెస్ బ్రాన్సన్. అతనికి పేరే లేదు, మెడలో వేలాడే హార్మోనికాయే, నోటితో ఊదే ఆ మౌత్ ఆర్గానే, పేరు. నువ్వెవరివని ఫ్రాంక్ అడిగినప్పుడల్లా చచ్చిపోయిన వాళ్ళ పేర్లు చెబుతాడు.

కారణం చివర్లో గాని తెలియదు. ఎడారిలో ఒక కమాను. దానికి వేలాడే ఉరితాడు అన్న మెడకు. ఆ అన్న నిలబడింది తమ్ముడి భుజాల మీద. తమ్ముడి నోట్లో ఫ్రాంక్ హార్మోనికా కుక్కుతాడు. ఆ పసివాడి కాళ్ళలో సత్తువ ఉన్నంతసేపే అన్న బతుకు. కుర్రవాడు దుమ్ములో పడతాడు. చివరికి ఫ్రాంక్ నేలకొరిగినప్పుడు, పెద్దవాడైన ఆ తమ్ముడే, అంటే బ్రాన్సన్, అదే హార్మోనికా వాడి నోట్లో పెడతాడు. అప్పుడు వాడికి గుర్తుకొస్తుంది. ఆ గుర్తుకు రావడం చూసి మేము కుర్చీలెక్కి ఈలలు వేశాం.

రాత్రి ఈల రాలేదు. దుమ్ములో పడ్డ ఆ పిల్లవాడి ముఖమే కళ్ళలో నిలిచింది. మన ఇంట్లో భుజాలు అన్నయ్యవి. శ్రీరామనవమి పందిట్లో కల్యాణం కనబడటం లేదని నువ్వు ఏడిస్తే తలంబ్రాలు అయిపోయేదాకా ఎత్తుకుని నిలబడ్డాడు. మర్నాడు మెడ తిప్పలేకపోయాడు. ఎందుకో గుర్తొచ్చి రాశాను.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. నా పన్నెండో ఏట, బాకీ కింద ఒకాయన మన ఎడ్లజతను తోలుకుపోయాడు. అడ్డం వెళ్ళిన మీ పెదనాన్నను రచ్చబండ దగ్గర అందరి ముందూ చెంపదెబ్బ కొట్టాడు. ఆ దెబ్బను పందొమ్మిదేళ్ళు దాచుకున్నాను. ఏం అనాలో మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. నాకు ఉద్యోగం వచ్చాక ఆయనే అడంగల్ నకలు కోసం నా బల్ల దగ్గరికి వచ్చాడు. రేపు రమ్మన్నాను. మర్నాడూ అదే మాట. మూడోసారీ అంతే. నాలుగో రోజు వానలో తడిసి వచ్చాడు. నన్ను గుర్తుపట్టారా అని అడిగాను. "ఎవరి అబ్బాయివి బాబూ?" అన్నాడు. మా నాన్న పేరు చెప్పాను, రచ్చబండ చెప్పాను, ఎడ్ల రంగు కూడా చెప్పాను. ఆయనకు ఏదీ గుర్తు లేదు. దాస్తున్నాడేమోనని కళ్ళలోకి చూశాను. నిజంగానే లేదు. మంచినీళ్ళు అడిగాడు. కూజా వంచి ఇచ్చి, నకలు మీద సంతకం చేయించి పంపాను. సినిమాలో ఫ్రాంక్‌కు గుర్తుకొచ్చింది, ఈయనకు రాలేదు. ఇంటికి వెళ్ళేసరికి అన్నయ్యకు జ్వరం. నాలుగు రోజుల నుంచీ ఉందట. మీ అమ్మ ఒక్కతే భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికి తిరిగింది. ఒకే ఇంట్లో ఉండి నేను గమనించలేదు.

ఇది నీకు పాఠం చెప్పడానికి కాదు. అయినా చెబుతున్నాను: అమ్మ సంవత్సరీకం నాడు పదిమందిలో అన్నయ్య అన్న మాట తప్పే. నేను అప్పుడే అడ్డుకోవలసింది, నోరు మెదపలేదు. కోపం ఉంటే నా మీద ఉంచుకో. కానీ వాడున్న గడప తొక్కనని నువ్వు అన్నావని పెద్దత్త అంటే ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

సినిమాలో జిల్ అనే ఆవిడను అప్పట్లో సరిగా చూడనే లేదు. న్యూ ఆర్లీన్స్ నుంచి కొత్త కోడలిగా వస్తుంది. వాకిట్లో భర్త, పిల్లల శవాలు. ఆ భర్త పిచ్చివాడేమీ కాదు. ఆవిరి రైలుకు నీళ్ళు కావాలి, ఆ ఎడారిలో నీళ్ళున్న చోటు తనదేనని తెలిసి పట్టుకుని కూర్చున్నాడు. చివరికి పట్టాలు వస్తాయి. పగ తీరినవాడికి అక్కడ ఉండే వీలున్నా వెళ్ళిపోతాడు. ఆవిడ కూలీలకు నీళ్ళు తీసుకెళుతుంది. మీ అమ్మ ఉంటే ఆ చోట తప్పకుండా ఏదో ఒకటి అనేది.

రాత్రిళ్ళు పెరుగన్నం మానకు. గొంతుకు మఫ్లరు చుట్టుకో, నీకు చలి పడదు. ఆవకాయ పార్సిల్ చేశాను, నూనె పైకి తేలేలా చూసుకో, తడి గరిటె పెట్టకు. ముక్కలు కొట్టింది అన్నయ్యే. వాడి ఫోను నంబరు మారింది, కొత్తది చీటీ మీద రాసి జాడీ మూతకు అంటించాను. నూనె తగిలితే అక్షరాలు పోతాయి, అందగానే ఊడదీసి వేరే ఉంచు.

నాన్న