‘నాదే పొరపాటు’ అన్నందుకు

సంపాదకులకు నమస్కారం.

పిల్లల దగ్గరికి అమెరికా వచ్చే తల్లిదండ్రులు ఏం మందులు తెచ్చుకోవాలి, ఏ ఇన్సూరెన్స్ తీసుకోవాలి అని మీ పత్రికలో చాలాసార్లు చదివాను. ఫ్లోరిడాలో ప్రమాదం జరిగితే చట్టం ఏమంటుందో మాత్రం ఎక్కడా కనపడలేదు, అందుకే రాస్తున్నాను.

మేం టాంపాలో ఉంటాం. 2023 నవంబర్‌లో మా నాన్నగారు సాయంత్రం వాకింగ్‌కి వెళ్లి రోడ్డు దాటుతుంటే కారు గుద్దింది, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయిన నాలుగో రోజున అవతలి ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఫోన్. రికార్డు చేస్తున్నామని ముందే చెప్పారు, నేను స్పీకర్ పెట్టి నాన్న మాటలు ఇంగ్లీషులో చెప్తూ పోయాను. దాటే ముందు ఎటు చూశారు అని అడిగారు. మన ఊళ్లో అందరం చూసినట్టే ముందు కుడివైపు చూశానన్నారు, ఇక్కడేమో దగ్గరి బళ్లు ఎడమవైపు నుంచి వస్తాయి. అంతటితో ఆగకుండా, "పాపం ఆ అబ్బాయిదేం లేదమ్మా, నాదే పొరపాటు" అన్నారు. అవతలి మనిషి బాధపడకూడదని మన పెద్దవాళ్లు ఎవరైనా అనే మాటే అది. నేను దాన్ని మక్కికి మక్కి చెప్పేశాను! కారు ఎంత స్పీడులో వచ్చిందో వాళ్లు అడగలేదు, ఆ టెన్షన్‌లో నాకూ తట్టలేదు. కొన్ని వారాలకు ఉత్తరం వచ్చింది, తప్పులో 60 శాతం మీ నాన్నగారిదే కాబట్టి మేం ఇచ్చేది ఏమీ లేదని.

ఫ్లోరిడాలో 1973 నుంచి ఉన్న పద్ధతి ఏమిటంటే, మన తప్పు ఎంతో అంత తగ్గించి మిగతాది ఇప్పించేవాళ్లు. లక్ష డాలర్ల నష్టంలో మన తప్పు 60 శాతమైతే 40 వేలు వచ్చేవి. 2023 మార్చి 24న గవర్నర్ డిశాంటిస్ సంతకం పెట్టిన హెచ్‌బీ 837 అనే రాష్ట్ర చట్టంతో అది మారిపోయింది. మన తప్పు సరిగ్గా సగమైతే సగం డబ్బు వస్తుంది, సగం దాటిందా, సున్నా. కేసు వేసే గడువు కూడా నాలుగేళ్ల నుంచి రెండేళ్లకు దిగింది. వైద్య నిర్లక్ష్యం కేసులకు ఈ సగం లెక్క లేదు.

ఇన్సూరెన్స్ వాళ్లు చెప్పిన శాతమే తుది మాట కాదు, తేల్చాల్సింది జ్యూరీ. కానీ గెలిస్తేనే ఫీజు తీసుకునే లాయరు సున్నా వచ్చే ప్రమాదం ఉన్న కేసు ఎందుకు ముట్టుకుంటాడు? ఇద్దరు వద్దన్నారు, ఈలోపు నాన్న ఇండియా వెళ్లిపోయారు, 2025 నవంబర్‌తో గడువూ తీరిపోయింది. అంటే జ్యూరీ దాకా వెళ్లకుండానే ఒక ఫోన్ కాల్‌తో అంతా అయిపోయింది. దావాలు మితిమీరాయని, ప్రీమియంలు మోయలేకపోతున్నామని అన్నవాళ్ల బాధ నాకు తెలియంది కాదు, మేమూ కడుతున్నాం. దానికి మందు, 40 శాతం తప్పు అవతలివాడిదని ఒప్పుకుంటూనే పైసా ఇవ్వకపోవడమా? ఇది అన్యాయం, ఈ సగం నిబంధన తీసెయ్యాలి.

టెక్సాస్‌లోనూ సగం దాటితే ఏమీ రాదు, జార్జియాలో సగానికి చేరితే చాలు, కాలిఫోర్నియాలో ఇంకా పాత పద్ధతే. డాలస్, అట్లాంటాలో ఉన్న మనవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసు?

నాన్న ఇప్పుడు ఒంగోలులో చేతికర్రతో నడుస్తున్నారు. ఆయన అన్న మాట వల్లే ఇలా అయిందని మేం చెప్పలేదు.

ఇక్కడి తెలుగు సంఘాలకు నా విన్నపం ఒకటే. లాయరుతో మాట్లాడేదాకా అవతలి ఇన్సూరెన్స్ వాళ్లకు రికార్డు చేసే వాంగ్మూలం ఇవ్వొద్దని, రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమవైపు చూడాలని, ఏ రాష్ట్రంలో గడువు ఎంతో తెలుగులో ఒక్క కాగితం మీద వేసి వచ్చే పెద్దవాళ్లందరికీ ఇవ్వండి. మీ పత్రిక కూడా వేసవి ప్రయాణాలు మొదలుకాకముందే దీన్ని ప్రచురించాలని కోరుతున్నాను.

ఒక పాఠకురాలు,
టాంపా, ఫ్లోరిడా