30 శాతం అంటే 30 మార్కులు కాదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. కామిక్ పుస్తకాల విలన్లను కథానాయకులుగా పెట్టి తీసిన హాలీవుడ్ సినిమాల మీద మీ సినిమా పేజీలో వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ‘వెనమ్’కు విమర్శకులు నూటికి 30 మార్కులే వేశారనీ, అయినా జనం ఎగబడి చూశారనీ, దీన్నిబట్టి ప్రేక్షకుల అభిరుచి దిగజారిందనీ అందులో రాశారు. ఈ మూడు మాటల్లో నిజమైనది మధ్యది ఒక్కటే. మొదటిది లెక్క తప్పు. ఆ తప్పు లెక్క మీద నిలబెట్టిన మూడో మాట, టికెట్ కొని సినిమా చూసినవాళ్లకు అన్యాయం చేస్తుంది.

మీరు చెప్పిన 30, సమీక్షలను ఒకచోట పోగేసే రాటెన్ టొమాటోస్ అనే వెబ్‌సైట్‌లోది. అక్కడ కనబడే శాతం సగటు మార్కు కాదు. అక్కడ ఒక్కో సమీక్షనూ బాగుంది, బాగాలేదు అనే రెండు గంపల్లో ఏదో ఒకదాంట్లో వేస్తారు. మొత్తం సమీక్షల్లో మొదటి గంపలో నూటికి ఎన్ని పడ్డాయో అదే ఆ శాతం. 60 వస్తే ఎర్ర టమాటా, అంతకు తగ్గితే ఆకుపచ్చ మరక. పదిమంది విమర్శకులు పదికి ఆరేసి మార్కులు వేశారనుకోండి. అందరూ ‘ఫర్వాలేదు’ అన్నట్టే కాబట్టి సినిమాకు 100 శాతం వస్తుంది. అదే ఐదుగురు తొమ్మిదేసి, మిగతా ఐదుగురు ఐదేసి వేస్తే సగటు ఏడు. ముందుదానికంటే మెరుగైన సగటు, కానీ శాతం మాత్రం 50. వెనమ్‌కు 30 శాతం అంటే పదిమందిలో ముగ్గురు చూడొచ్చన్నారు, ఏడుగురు వద్దన్నారు, అంతవరకే. ఆ ఏడుగురూ ఎంత గట్టిగా వద్దన్నారో ఆ అంకెలో ఉండదు. మార్కుల్లాంటిది కావాలంటే మెటాక్రిటిక్ అనే ఇంకో సైట్ ఉంది. అది సమీక్షలను మార్కులుగా మార్చి, కొన్ని పత్రికలకు ఎక్కువ బరువిచ్చి సగటు కడుతుంది. అక్కడ వెనమ్‌కు వచ్చింది నూటికి 35.

విమర్శకుల శాతాన్ని చూసి జనం స్పందన చెప్పలేమనడానికి ఒక జత సినిమాలు చాలు. వెనమ్ 2018 అక్టోబర్ 5న వచ్చింది. జోకర్ రెండో భాగం 2024 అక్టోబర్‌లో వచ్చింది. రాటెన్ టొమాటోస్‌లో రెండిటికీ 30 శాతానికి అటూ ఇటూ. రెండూ విలన్ కథలే, రెండూ అక్టోబర్ సినిమాలే. వెనమ్ ప్రపంచవ్యాప్తంగా 85 కోట్ల డాలర్లు దాటింది, తర్వాత ఇంకో రెండు భాగాలు వచ్చాయి. జోకర్ రెండో భాగం అమెరికాలో రెండో వారాంతానికి 81 శాతం పడిపోయింది. మొదటి భాగం 100 కోట్ల డాలర్లు దాటి, హాకిన్ ఫీనిక్స్‌కు ఉత్తమ నటుడిగా ఆస్కార్ తెచ్చిన సినిమా అన్నది మరిచిపోకూడదు. విమర్శకుల అంకె ఒకటే అయినా జనం ఒకదాన్ని ఎత్తుకున్నారు, ఇంకోదాన్ని దించేశారు.

ఈ తేడాను మొదటి రోజే పట్టుకున్నది సినిమాస్కోర్ అనే సర్వే సంస్థ (వెడల్పు తెర సినిమాస్కోప్‌తో దీనికి సంబంధం లేదు). అమెరికాలో విడుదల రాత్రి థియేటర్ల దగ్గర ప్రేక్షకులకు చిన్న కార్డు ఇచ్చి ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడు అడుగుతారు. వయసెంత, ఆడా మగా, ఎందుకు వచ్చారు అన్నవీ ఆ కార్డులోనే ఉంటాయి. వెనమ్‌కు బి ప్లస్ వచ్చింది. జోకర్ రెండో భాగానికి డి. కామిక్ సినిమాల్లో అంత తక్కువ గ్రేడు అంతకుముందు దేనికీ రాలేదు. ఈ గ్రేడ్లను బడి మార్కుల్లా చదవడం ఇంకో పొరపాటు. మొదటి రాత్రి పనిగట్టుకుని వచ్చేవాళ్లు ఎలాగూ ఆ సినిమా కావాలనుకున్నవాళ్లే. వాళ్లే బి ఇచ్చారంటే లోపల అసంతృప్తి ఉన్నట్టు. వాళ్లే సి ఇస్తే ఆదివారానికి టాక్ పాడైపోయినట్టే. 2022లో వచ్చిన ఇంకో విలన్ సినిమా మోర్బియస్‌కు సి ప్లస్ వచ్చింది, రెండో వారాంతం 74 శాతం పడింది.

మొదటి రోజు మాటను పక్కనపెట్టి టాక్ నిలబడిందా లేదా తెలుసుకోవడానికి ఇంకో లెక్క ఉంది. మొత్తం వసూళ్లను మొదటి మూడు రోజుల వసూళ్లతో భాగించాలి. అమెరికా వరకు చూస్తే వెనమ్‌కు 8 కోట్ల డాలర్ల ఓపెనింగ్, పూర్తి రన్‌లో 21 కోట్లకు పైన, అంటే 2.66 రెట్లు. మోర్బియస్‌ది 1.9 రెట్లు. జోకర్ రెండో భాగం 3.77 కోట్లతో మొదలై 5.83 కోట్ల దగ్గర ఆగింది, ఒకటిన్నర రెట్లు. జోకర్ మొదటి భాగానిది దాదాపు మూడున్నర రెట్లు. రెండు దాటకపోతే చూసినవాళ్లు ఇంకొకరిని పంపలేదని అర్థం. అయితే రెండో వారాంతం ఎంత పడిందన్నది ఒక్కటే చూస్తే ఒక్కోసారి లెక్క తడబడుతుంది. 2016లో వచ్చిన సూసైడ్ స్క్వాడ్‌కు విమర్శకుల శాతం 26, సినిమాస్కోర్ బి ప్లస్. రెండో వారాంతం మాత్రం 67 శాతం పడింది. ట్రైలర్లు చూసి చూడాలనుకున్నవాళ్లంతా 13 కోట్ల డాలర్లు పోసి మొదటి మూడు రోజుల్లోనే చూసేస్తే తర్వాతి వారానికి మిగిలేవాళ్లు తక్కువ. పడిపోవడం ఒక్కటే చూసి జనం తిప్పికొట్టారని రాయకూడదు, గ్రేడూ రెట్లూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. సూసైడ్ స్క్వాడ్ 2.4 రెట్ల దాకా వెళ్లింది.

ఇక అభిరుచి మాట. విలన్‌కు చప్పట్లు కొట్టడం హాలీవుడ్ నుంచి అంటుకున్న జబ్బు అన్నట్టు మీ వ్యాసం సాగింది. 1885లో మన కడప జిల్లాలోని సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలుపెట్టిన సురభి సమాజం తొలి నాటకం కీచక వధ. 1963లో వచ్చిన నర్తనశాలలోని కీచకుడి వేషానికే ఎస్వీ రంగారావుకు జకార్తా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఆ వేషాన్ని ఇష్టపడ్డవాళ్లెవరూ కీచకుడు మంచివాడని అనుకోలేదు. విలన్ సినిమాలో అసలు చిక్కు వేరే చోట ఉంది. కీచకుడు ఎంత ఎత్తున నిలబడినా ఎదురుగా భీముడున్నాడు. ఈ హాలీవుడ్ సినిమాల్లో భీముణ్ణి తీసేశారు.

వెనమ్ పుట్టుకే చూడండి. 1984లో స్పైడర్‌మ్యాన్‌కు నల్ల దుస్తులుగా వచ్చిన గ్రహాంతర జీవి అది. అతను వదిలించుకున్నాక, 1988లో ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 300వ సంచికలో ఎడ్డీ బ్రాక్ అనే విలేకరి ఒంటికి అంటుకుంది. హంతకుడని ఒక తప్పు మనిషిని చూపించి రాసిన ఎడ్డీ, అసలు హంతకుణ్ణి స్పైడర్‌మ్యాన్ పట్టుకోవడంతో పరువూ ఉద్యోగమూ పోగొట్టుకున్నాడు. వద్దనిపించుకున్న జీవి, పరువు పోయిన మనిషి, ఇద్దరి కక్షా ఒకరి మీదే. ఆ కక్షే వెనమ్. 2018 సినిమాలో స్పైడర్‌మ్యాన్ లేడు. అతను లేడు కాబట్టి కక్ష లేదు, గుండెల మీద ఉండాల్సిన తెల్ల సాలీడు గుర్తూ లేదు. ఆ ఖాళీలో వెనమ్ లాంటి ఇంకో జీవినే, రయట్‌ను, ఇంకాస్త చెడ్డదాన్ని చేసి నిలబెట్టారు. మోర్బియస్‌లోనూ అంతే, అదే రోగం, అదే మందు తీసుకున్న స్నేహితుడే శత్రువు. తన నీడతో తనే కుస్తీ పడితే ఎవరు గెలిస్తే ఏముంది? వద్దన్న విమర్శకుల వాదనలో బలమైన ముక్క ఇదే, అది న్యాయమైనదే. కానీ విలన్‌ను బలవంతంగా మంచివాణ్ణి చేశారన్న మాట సగమే నిజం. 1993 నాటి కామిక్‌లోనే వెనమ్ శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి అమాయకుల రక్షకుడయ్యాడు. సినిమా ఎక్కువగా ఆ దారే పట్టింది.

మరి జనానికి ఏం నచ్చింది? ఎడ్డీకీ, తలలోని గొంతుకీ మధ్య గొడవ. రెండు గొంతులూ నటుడు టామ్ హార్డీవే. హోటల్లో లాబ్‌స్టర్ల (పెద్ద రొయ్యల) తొట్టిలో దిగి కూర్చున్న మనిషి పాట్లకు నవ్వినవాళ్లు భీముడి సంగతి అడగలేదు. విమర్శకుడు కథ నిర్మాణం చూశాడు, ప్రేక్షకుడు ఇద్దరి కాపురం చూశాడు. తెలుగు డబ్బింగ్‌కు ఇక్కడ ఇంకో సౌకర్యం ఉంది. తలలోంచి వచ్చే గొంతుకు పెదాలు కలపాల్సిన పనిలేదు, కాబట్టి మాటల రచయిత పొడవూ పొట్టీ చూసుకోకుండా మన నుడికారంలో రాసుకోవచ్చు. జోకర్ రెండో భాగంలో దీనికి పూర్తిగా ఎదురు. అది పాటల సినిమా. వాటిలో చాలావరకు అమెరికావాళ్ల తాతల కాలం పాటలు. వాటితో జ్ఞాపకం లేనివాడికి ఆ సన్నివేశంలో సగం అందదు. మొదటి భాగం చూసి అదే కోపాన్ని వెతుక్కుంటూ వచ్చినవాడికి కోర్టు గదీ పాటలూ ఎదురయ్యాయి. అమెరికా ప్రేక్షకుడు డి ఇచ్చిందీ చాలావరకు ఇందుకే.

ఇంటర్నెట్ గోలను ప్రేక్షకుల స్పందనగా అచ్చు వేయవద్దని గట్టిగా కోరుతున్నాను. సూసైడ్ స్క్వాడ్ సమీక్షలు వచ్చినప్పుడు రాటెన్ టొమాటోస్‌ను మూసేయాలని అభిమానులు సంతకాలు సేకరించారు, ఆ సైట్‌కు డీసీ కామిక్స్ సినిమాలంటే పడదని వాళ్ల ఆరోపణ. ఆ సినిమా తీసిన వార్నర్ బ్రదర్స్‌కే ఆ సైట్‌లో వాటా ఉందని వాళ్లు చూసుకోలేదు. 2022లో మోర్బియస్ మీద మీమ్స్ హోరెత్తితే, అది ఆదరణ అనుకుని జూన్‌లో వెయ్యికి పైగా థియేటర్లలో మళ్లీ వేశారు. ఆ వారాంతం మొత్తానికి వచ్చింది మూడు లక్షల డాలర్ల చిల్లర, అంటే థియేటర్‌కు 300 డాలర్లు. విడుదల కాకముందే గుంపులుగా వచ్చి రాసే వ్యాఖ్యలను రాటెన్ టొమాటోస్ 2019లో ఆపేసింది, అదే ఏడు టికెట్ కొన్నట్టు రుజువున్నవాళ్ల రేటింగును విడిగా చూపడం మొదలుపెట్టింది. ప్రేక్షకుల శాతం ఉటంకించేటప్పుడు అది టికెట్ కొన్నవాళ్లదా, అందరిదా అన్నది కూడా రాయాలి.

కడపలో స్పందన తీసుకునేటప్పుడు ఇంకొన్ని చూడాలి. ఇంగ్లిష్ సినిమాను ఇంటర్వెల్ కోసం రాయరు, థియేటర్‌వాళ్లే మధ్యలో ఆపుతారు. వెనమ్ నిడివి 112 నిమిషాలు, సగం దగ్గరపడేదాకా ఆ జీవి పూర్తి రూపం కనబడదు. అలాంటి చోట లైట్లు వేస్తే ‘ఫస్టాఫ్ ఏం లేదబ్బా’ అనే మాట రావడం సహజం. రెండోది తెర వెలుగు. 2డీకి 14 ఫుట్ ల్యాంబర్టులు (తెర వెలుగును కొలిచే కొలమానం) ఉండాలన్నది డిజిటల్ ప్రొజెక్షన్ ప్రమాణం. 3డీలో అద్దాలు దాటి కంటికి చేరేది అందులో మూడో వంతు ఉంటే మేలే. గంటలు మీరిన బల్బుతో నడిపితే అదీ చేరదు. వెనమ్ చివరి పోరాటం రాత్రిపూట, నల్లటి ఒళ్లూ బూడిదరంగు ఒళ్లూ కలబడతాయి. ఎవరు ఎవరో తెలియలేదన్న ఫిర్యాదులో కొంత దర్శకుడిది, కొంత బల్బుది. ఏ థియేటర్లో, 2డీయా 3డీయా అని అడగకుండా ఆ మాట రాస్తే తప్పంతా సినిమా మీద పడుతుంది. సర్టిఫికెట్ కూడా చూడాలి. జోకర్ మొదటి భాగానికి మన దేశంలో ‘ఎ’ ఇచ్చారు. పిల్లలతో వచ్చే కుటుంబాలు అక్కడ ఉండవు కాబట్టి ఆ స్పందనను వెనమ్ స్పందనతో తూచకూడదు.

మీ విలేకరికి పని ఇలా అప్పగించండి. శుక్రవారం మార్నింగ్ షోను లెక్కలోకి తీసుకోవద్దు, అది అభిమానుల షో. ఆదివారం ఫస్ట్ షో, సోమవారం మ్యాట్నీ ఎంచుకోవాలి. గేటు దగ్గర కెమెరా, మైకు వద్దు, గుంపు మధ్యలో మైకు పెడితే ముందు అరిచినవాడి మాటే అందరి నోటా వస్తుంది. స్టాండులో బండి తీసుకునేటప్పుడు ఒక్కొక్కరిని విడిగా అడగాలి. బాల్కనీలో సగం, కింద సగం ఉండేలా కనీసం 50 మంది. అడగాల్సినవి నాలుగే: ఏ భాషలో చూశారు, ఏం ఆశించి వచ్చారు, ఎక్కడ విసుగు పుట్టింది, ఇంకొకరికి చూడమని చెబుతారా. ఈ నాలుగో ప్రశ్నే అసలు టాక్. 50 మందిలో 30 మంది చెబుతామంటే 60 శాతం అని పెద్దక్షరాల్లో వేయకండి. అంత చిన్న గుంపులో 14 శాతం అటూ ఇటూ తేడా వస్తుంది, అంటే అసలు అంకె 46 నుంచి 74 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ‘50 మందిని అడిగితే 30 మంది’ అనే అచ్చు వేయండి. తెలుగు డబ్బింగ్ చూసినవాళ్లనూ ఇంగ్లిష్ చూసినవాళ్లనూ కలపకుండా రెండు వరుసల్లో ఇవ్వండి. మీ సమీక్షకుడి స్టార్లను ఆ పక్కనే వేయండి, రెంటినీ కలిపి సగటు మాత్రం కట్టవద్దు.

వెనమ్ మీద వేసిన ‘30 మార్కులు’ అన్న మాటకు సవరణ వచ్చే శుక్రవారం సినిమా పేజీలోనే ఇవ్వగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కడప