నీళ్ల పెట్టె

విజయవాడ, ఆటోనగర్
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

మూడుసార్లు ఫోన్ చేశావు, ఎత్తలేదు. కోపం పెట్టుకోకు. నెలన్నరగా బస్సు బాడీలు కుర్రాళ్లకి అప్పజెప్పి నేనొక పెట్టె కడుతున్నా. మనిషి దిగే పెట్టె. నీళ్లు నింపి, చేతులకి బేడీలేసి, మూతకి తాళాలేసే పెట్టె. ఫోన్లో చెబితే సగంలోనే కేకలేస్తావని ఉత్తరం రాస్తున్నా. మొత్తం చదివాక తిట్టు.

మన స్కూలుకి పావురాలతో వచ్చేవాడే గవర్నర్‌పేట మెజీషియన్, ఆయన కొడుకు కోసం ఈ పెట్టె. ఇప్పుడు షోలే వాడి బతుకు. కళాక్షేత్రంలో పెద్ద షో చెయ్యాలని పట్టుదల మీదున్నాడు. మొదట నా దగ్గరికి తెచ్చిన ఆలోచన ఇది కూడా కాదు. గొలుసులు కట్టించుకుని బ్యారేజీ ఎగువన పడవలోంచి కృష్ణలోకి దిగుతాడట. 2019 జూన్‌లో కలకత్తాలో హౌరా బ్రిడ్జి దగ్గర చంచల్ లాహిరి అనే మెజీషియన్ అలాగే హుగ్లీలోకి దిగాడు. మర్నాడు శవం దొరికింది. ఆ కబురు చూపించి, ‘నదిలో నీకేమైందో ఒడ్డున ఎవడికి తెలుస్తుందిరా, నేను చెయ్యను’ అన్నా. నాలుగు రోజులు మొహం చాటేసి, హుడినీ బొమ్మ పట్టుకుని మళ్లీ వచ్చాడు. బేడీలూ తాళాలూ తప్పించుకోవడంలో పేరుమోసిన పాతకాలం మెజీషియన్ ఆయన.

హుడినీ 1912లో బెర్లిన్ సర్కస్‌లో తలకిందులుగా దిగిన పెట్టె అది. ఆయన ఆ పెట్టెలోనే పోయాడని అందరిలాగే నేనూ అనుకునేవాణ్ణి. కాదురా. 1926లో అపెండిక్స్ పగిలి, లోపల చీము పట్టి పోయాడు. అన్నేళ్లు ఆ పెట్టెలోంచి ప్రాణాలతో బయటికొచ్చాడంటే అది కట్టినవాళ్లు ఎంత ఆలోచించి ఉండాలి! అక్కడే నా మనసు పడింది.

బేడీలు ఎలా ఊడతాయి, మూత ఎలా తెరుచుకుంటుంది అని అడక్కు. అది వాడి అన్నం, నేను రాయను. మిగతాదంతా చెబుతా.

తలకిందులు వద్దని మొదటిరోజే చెప్పేశా. నిలబడితే తల పైన ఉంటుంది, నీళ్లు జానెడు తగ్గినా ముందు ముక్కు బయటపడుతుంది. తలకిందులైతే పెట్టె మొత్తం ఖాళీ అయ్యేదాకా ఆగాలి. ఎత్తు 1.8 మీటర్లు, పొడవూ వెడల్పూ 75 సెంటీమీటర్లు. అంటే టన్ను నీళ్లు. ఒక్కో గోడ మీద నీళ్ల తోపుడు పన్నెండు వందల కిలోలు దాటుతుంది. అందుకే మందపాటి యాక్రిలిక్ షీటు, చుట్టూ స్టీలు ఫ్రేము. ఇక్కడే వాడికీ నాకూ పెద్ద గొడవ. హుడినీ పక్కన గొడ్డలి పట్టుకుని ఒకడు నిలబడేవాడు కాబట్టి తనకీ కావాలంటాడు. హుడినీది గాజు, కొడితే పగులుతుంది. ఈ షీటు మీద కొడితే గొడ్డలి ఎగిరి కొట్టినవాడి మీదికే వస్తుంది. మిగిలిన ముక్క మీద మనవాడి చేతే నాలుగు దెబ్బలు వేయించా. గీతలు పడ్డాయి, అంతే. మాట్లాడలేదు.

మరి ఆపదొస్తే? అడుగున రెండంగుళాల వాల్వు పెట్టా. నా లెక్కలో చాలనుకున్నా. పరీక్ష రోజు వాడి భార్య వచ్చింది. నీళ్లు నింపి, మూత బిగించి వాల్వు తిప్పితే గుడ్‌గుడ్‌మని కాసేపు కారి ఆగిపోయింది! బోర్లించిన సీసా సంగతేరా, పైన గాలి రంధ్రం లేకపోతే కిందికి నీళ్లు ఎలా వస్తాయి? అంత చిన్న విషయం నాకు తట్టలేదు. మూతకి చిల్లు పెట్టి మళ్లీ తిప్పాం. ఖాళీ అవడానికి నాలుగున్నర నిమిషాలు. తల బయటపడటానికే అరనిమిషం. ఆవిడ ఫోన్లో టైము చూస్తూ నిలబడి, ‘అన్నయ్యా, స్పృహ తప్పిన మనిషికి అరనిమిషం ఎక్కువ కాదా?’ అంది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

తెల్లారేసరికి జవాబు మన పనిలోనే దొరికింది. బస్సుకి ఎమర్జెన్సీ డోరు పెడతాం కదా, లోపల్నుంచీ బయట్నుంచీ తాళంచెవి లేకుండా తెరుచుకునేది. వెనకవైపు అడుగున 60 సెంటీమీటర్ల చదరం తలుపు, బయటికి తెరుచుకునేలా. లాగితే రెండు మూడు సెకన్లలో నీళ్లన్నీ స్టేజీ మీద. పెట్టె ఖాళీగా ఉన్నప్పుడు హ్యాండిల్ వేలితో లాగితే వచ్చింది. నీళ్లు నింపాక ఇద్దరం వేలాడినా కదల్లేదు! తలుపు మీద అరటన్ను పైగా ఒత్తిడి, అదంతా గడియని పట్టేసింది. గడియ చివర రోలర్ బేరింగు వేసి, హ్యాండిల్ పొడుగు పెంచా. ఇప్పుడు ఆవిడ ఒక్క చేత్తో లాగుతుంది. తెర వెనక నిలబడేది ఆవిడే. నేనైతే ఇంకెవర్నీ నమ్మను.

ఊపిరి సంగతి. మూడు నిమిషాలు పట్టగలనంటాడు. కదలకుండా పడుకుంటే పడతాడేమో, చేతులు పనిచేస్తుంటే అందులో సగం వస్తే గొప్ప. పైగా దిగేముందు గబగబా ఇరవై ముప్పైసార్లు ఊపిరి తీసి వదిలేవాడు. ఈత కోచ్ చూసి కేకేశాడు. అలా చేస్తే ఒంట్లో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుందట. గాలి కావాలనే తపన పుట్టేది దానివల్లేనట. తపన పుట్టకుండానే కళ్లు తిరిగిపోతాయి. అది మాన్పించాం. ఇంకో మాట కూడా మార్చా. కష్టమైతే గోడ కొడతానన్నాడు. కష్టంలో ఉన్నవాడు కొట్టలేడు. బాగున్నానని పది సెకన్లకోసారి కొట్టాలి. ఒక్కటి తప్పితే తలుపు లాగెయ్యడమే, షో పోతే పోనీ. కొడుతూనే ఉన్నా 90 సెకన్లకి లాగెయ్యడమే. దీనికి వాడు ఒప్పుకోవడానికి వారం పట్టింది.

ఇంకొకటి నన్ను వదలట్లేదు. 1930లో అమెరికాలో జెనెస్టా అనే ఆయన, మూతేసిన నీళ్ల క్యానులోంచి బయటపడే ఫీటు చేస్తూ పోయాడు. రవాణాలో క్యానుకి సొట్ట పడింది, ఎవరూ చూసుకోలేదు, మూత రాలేదు. మనది ఇవాళ బెజవాడ, రేపు మీ గుంటూరు, ఎల్లుండి ఒంగోలు. లారీ దిగిన ప్రతిసారీ మూత, తలుపు, గడియ కొలతలు తీసి, నీళ్లు నింపి తెరిచి చూశాకే మనిషి దిగాలి. ఆ కొలతల పట్టిక పెయింటుతో ఫ్రేము మీదే రాయించా.

ఇక నీతో పని. తలుపు తెరిస్తే టన్ను నీళ్లు స్టేజీ మీద పారతాయి. చుట్టూ ఫోకస్ లైట్లు, కేబుళ్లు, మైకులు. ఈ కరెంటు సంగతి నాకు చేతకాదు, నీకు వచ్చినంతగా నేనెరిగిన ఎవరికీ రాదు. కేబుళ్లన్నీ పైనుంచి రావాలి, కరెంటు లీకైతే టక్కున ఆపేసే 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ స్విచ్చి ఉండాలి, ఫ్రేముకి ఎర్తింగు కావాలి. ఇంతవరకే తెలుసు. వచ్చే శనివారం షెడ్డులో లైట్లన్నీ పెట్టి తలుపు తెరిచి చూస్తాం, లోపల మనిషి లేకుండా ఇసుక బస్తాతో. నువ్వు చూసి సరేనన్నాకే వాణ్ణి దించుతా. పొద్దున్నే బస్సెక్కు, మీటర్లు మర్చిపోకు. మీ చెల్లి చేపల పులుసు చేస్తానంది.

నీ బావ