శబ్దం విని పంపు మార్చకండి, ఒత్తిడి కొలిచి చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

మోటారు సైకిల్ తాళం తిప్పగానే ట్యాంకు లోపలి నుంచి వచ్చే ‘గుయ్’మనే కూత విజయవాడలో చాలామంది బండి యజమానులకు కొత్త దిగులై కూర్చుంది. కూత పెరిగిందని సర్వీసు కేంద్రానికి వెళితే తరచుగా వినిపించే సమాధానం ఒక్కటే: ఇంజనుకు పెట్రోలు అందించే ఫ్యూయల్ పంపు పోయింది, దాని భాగాలన్నీ కలిసిన మొత్తం అసెంబ్లీ మార్చాలి, కొన్ని వేల రూపాయలవుతుంది. ఐటీఐలో మోటారు మెకానిక్ విభాగంలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఆ ఖరీదు మీద కన్నా, ఏ కొలతా తీయకుండా చెవితో విని తీర్పు చెప్పే పద్ధతి మీదనే ఎక్కువ అభ్యంతరం ఉంది.

గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు పంపే కార్బురేటరు ఉన్న రోజుల్లో పెట్రోలు తన బరువుతో తానే ట్యాంకు నుంచి కిందికి దిగేది కాబట్టి చాలా బండ్లకు పంపు అవసరమే ఉండేది కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నియంత్రణ ప్రమాణాలు దేశమంతటా అమలులోకి వచ్చాక కొత్త బండ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్ పద్ధతికి మారాయి. ఇంజెక్టరు పెట్రోలును సన్నని తుంపరగా చల్లాలంటే చాలా బండ్లలో 3 బార్లకు అటూ ఇటూగా, అంటే టైరులో గాలి కొలిచే లెక్కలో 43 పీఎస్ఐ దరిదాపుల్లో, ఒత్తిడి కావాలి. ఆ ఒత్తిడి పుట్టించే చిన్న విద్యుత్ పంపు ట్యాంకు అడుగున పెట్రోలులోనే మునిగి ఉంటుంది; దానిని చల్లబరిచేదీ, అందులో తిరిగే భాగాలు అరగకుండా కాపాడేదీ ఆ పెట్రోలే. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు మోగి ఆగడం దాని జబ్బు కాదు, గొట్టంలో ఒత్తిడిని సిద్ధం చేసే పని. ఇంజన్ నడుస్తున్నంతసేపూ పంపు తిరుగుతూనే ఉంటుంది గాని ఆ హోరులో మనకు వినపడదు. బండి అప్పగించే రోజునే ఈ నాలుగు మాటలు చెప్పి పంపితే కొన్ని ఫిర్యాదులైనా షోరూం గడప తొక్కవు.

అయితే కూత మామూలు కన్నా పెరిగినా, కీచుగా మారినా దానికి కారణం ఉండి తీరుతుంది, కాని ఆ కారణం ప్రతిసారీ పంపు అరిగిపోవడమే కానక్కరలేదు. ట్యాంకులో పెట్రోలు తగ్గి పంపు పూర్తిగా మునగకుండా ఉంటే శబ్దాన్ని అణిచే ద్రవం ఉండదు, ఖాళీ రేకు దానిని ఇంకా పెద్దది చేస్తుంది. సగం ట్యాంకు పోయించగానే చప్పుడు తగ్గిపోతే చాలావరకు అదే కారణం. నూరు రూపాయలకు లీటరు పెట్రోలు కూడా రాని ఈ రోజుల్లో, ఏ రోజు సంపాదనతో ఆ రోజు పోయించుకునే డెలివరీ కుర్రాళ్లకు ఎప్పుడూ ట్యాంకు నింపుకోమని నీతులు చెప్పడం నాకు ఇష్టం లేదు. కాని ఎప్పుడూ రిజర్వులోనే తిప్పితే, అందులోనూ మే నెల ఎండలో బెంజి సర్కిల్ దగ్గర ఇంజన్ వేడికి ట్యాంకు కాలుతున్నప్పుడు, పంపుకు చల్లదనం కరువవుతుందన్నది మాత్రం వారికి తెలియాలి. వేడెక్కిన పెట్రోలులో పుట్టే ఆవిరి బుడగలు పంపులోకి చేరితే కూత హెచ్చుతగ్గులవుతుంది. పంపు నోటి దగ్గర ఉండే జల్లెడ మూసుకుపోయినా ఇదే జరుగుతుంది: పీల్చే దారి ఇరుకై, బుడగలు పుట్టి, పంపు గొంతు మారుతుంది. పంపును పట్టి ఉంచే రబ్బరు గట్టిపడితే దాని అదురు నేరుగా ట్యాంకు రేకుకు పాకుతుంది. బ్యాటరీ నీరసించినా, పంపుకు కరెంటు తీగలు కలిసే కప్లర్‌లో పిన్నులు చిలుముపట్టినా పంపుకు అందవలసిన వోల్టేజి అందక అది నెమ్మదిగా, ముక్కుతూ తిరుగుతుంది.

విజయవాడకు సంబంధించి ఇంకొక కారణాన్ని విడిగా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు వేలాది ద్విచక్ర వాహనాలు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. ఇంజన్ ఆయిలు మార్చి, ప్లగ్గు తుడిచి, బండి స్టార్టయింది కదా అని ట్యాంకు అడుగు చూడకుండానే రోడ్డెక్కించిన వాటిలో నీటి తడీ, తుప్పూ మిగిలి ఉండే అవకాశం ఉంది. నీరు పెట్రోలు కన్నా బరువైనది గనుక సరిగ్గా జల్లెడ ఉన్న చోటికే చేరుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఉండే ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం ఉంది; నీరు హద్దు దాటితే ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. ప్రతి చప్పుడుకూ ఇథనాలే కారణమనే వాదనతో నేను ఏకీభవించను. ట్యాంకు కడగకుండా కొత్త పంపు బిగిస్తే ఆ కొత్త పంపు కూడా అదే తుప్పును పీలుస్తుందని చెప్పడమే నా ఉద్దేశం.

ఇక కొలత సంగతి. ప్రెషర్ గేజి గొట్టానికి తగిలించి ఒత్తిడి చూడటం, పంపు తిరుగుతుండగా కప్లర్ దగ్గర మల్టీమీటరుతో వోల్టేజి చూడటం, నిర్ణీత సెకన్లలో ఎంత పెట్రోలు తోస్తోందో కొలపాత్రలో పట్టి చూడటం అనే మూడు పనులకూ కలిపి గంట కూడా పట్టదు. ఒత్తిడీ ప్రవాహమూ కంపెనీ చెప్పిన హద్దుల్లో ఉంటే, కూత కొంచెం ఎక్కువైనా ఆ పంపును అప్పటికప్పుడు పారేయవలసిన పని లేదు. ఒత్తిడి నిలవకపోతే, వేగం అందుకునే వేళ బండి తడబడుతుంటే, వేడెక్కాక ఆగిపోయి చల్లారాక స్టార్టవుతుంటే, వోల్టేజి సరిగా ఉండి జల్లెడ శుభ్రంగా ఉన్నా ఆ లక్షణాలు పోకపోతే, అప్పుడు పంపు మార్చమనడంలో న్యాయం ఉంది. ఒక హెచ్చరిక మాత్రం తప్పదు: ఒత్తిడి దింపకుండా గొట్టం ఊడదీస్తే పెట్రోలు చిమ్ముతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు, ఈ పనిని ఇంటి మెట్ల కింద చేయకూడదు.

జల్లెడ ఒక్కటే మూసుకుపోయినా అసెంబ్లీ మొత్తం కొనవలసి రావడానికి మెకానిక్ బద్ధకం ఒక్కటే కారణం కాదు. కొన్ని మోడళ్లకు జల్లెడను గాని, మూత దగ్గర సీలు రబ్బరును గాని విడిగా అమ్మరు. ఆటోనగర్‌లో విడి జల్లెడలు కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి గాని, కొలత సరిపోనిది బిగిస్తే సందులోంచి చెత్త లోపలికి పోతుంది, పైగా వారంటీ పోతుందని షోరూం వారు భయపెడతారు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ప్రారంభించిన ‘రైట్ టు రిపేర్’ (మరమ్మతు హక్కు) పోర్టల్ పరిధిలో ఆటోమొబైల్ రంగం కూడా ఉంది. ఆ స్ఫూర్తి నిజమైతే తయారీదారులు జల్లెడ, సీలు, రబ్బరు పట్టీలను విడి భాగాలుగా ధర ముద్రించి అమ్మాలి, ఒత్తిడి హద్దులను యజమాని పుస్తకంలో అచ్చువేయాలి.

బంకుల విషయంలో ఒక్క మాట. పెట్రోలు నాణ్యత మీద అనుమానం వస్తే అక్కడికక్కడే ఫిల్టరు కాగితంతో పరీక్ష చేయించుకునే హక్కు వినియోగదారుకు ఉంది. భారీ వానల తరువాత భూగర్భ ట్యాంకుల్లో నీరు చేరిందేమో పరీక్షించి, ఆ ఫలితాన్ని తేదీతో సహా బోర్డు మీద రాయించే బాధ్యతను చమురు కంపెనీల జిల్లా అధికారులు తీసుకోవాలి.

సర్వీసు కేంద్రాలను నేను కోరేది చాలా చిన్నది: పంపు మార్చాలని చెప్పే ముందు బండి పని వివరాలు రాసే జాబ్ కార్డు మీద ఒత్తిడి ఎంత, వోల్టేజి ఎంత అని రెండు అంకెలు రాయండి, తీసిన పాత పంపును యజమాని చేతికి ఇవ్వండి. యజమానులు కూడా ఆ అంకెలు చూడకుండా అంచనా కాగితం మీద సంతకం పెట్టవద్దని, ఇవ్వడానికి నిరాకరిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలని మీ పత్రిక ద్వారా మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఐటీఐ బోధకుడు,
పటమట, విజయవాడ.