కింద వాటా మౌసా, మౌసీలకి, వడ్రంగి తాతగారికి, మా తమ్ముడికి థాంక్స్

మేం బరంపురంలో ఒక అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో ఉంటాం. మా కింద వాటాలో ఒడియా వాళ్లు, రిటైరైన పెద్దాయన, ఆయన భార్య. మౌసా, మౌసీ అని పిలుస్తాం, ఒడియాలో బాబాయి, పిన్ని అన్నట్టు. పేర్లు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు. ఈ మూడు నెలల్లో వాళ్లూ, ఇంకొందరూ మా పాప కోసం చేసింది నలుగురికీ చెప్పకపోతే నా మనసు ఊరుకోవడం లేదు, అందుకే కూర్చుని రాస్తున్నాను, కాస్త పొడుగు అవుతుంది.

మా పాపకి 13 ఏళ్లు. వీధిలోకి వెళ్లి ఆడే పిల్ల కాదు, స్కూల్లో ఆటల పీరియడ్ అంటే ఒక మూల నించునేది, ఎంత చెప్పినా వినేది కాదు. పోయిన దసరా సెలవుల్లో వైజాగ్ వెళ్లినప్పుడు మా పిన్ని కొడుకు దానికి డాన్స్ గేమ్ చూపించాడు. టీవీలో బాణం గుర్తులు కింది నుంచి పైకి వస్తుంటాయి, పాట తాళానికి సరిగ్గా అందుకుని కాళ్ల కింద చాప మీద ఉన్న అదే బాణాన్ని తొక్కాలి, ముందు, వెనక, ఎడమ, కుడి, మొత్తం నాలుగు. 1998లో జపాన్‌లో కొనామి కంపెనీ డాన్స్ డాన్స్ రివల్యూషన్ అని ఆర్కేడ్‌లలో మొదలుపెట్టింది కదా, ఆ రకం ఆట. మా తమ్ముడు స్టెప్‌మేనియా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మా పాత లాప్‌టాప్‌లో వేసి ఇచ్చాడు. దాంట్లో మనకి నచ్చిన పాటకి మనమే అడుగులు కట్టుకోవచ్చు. చాప ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాం. అంతే, ఆ పిల్ల రోజూ గంటసేపు చెమటలు కారేలా ఆడటం మొదలుపెట్టింది, రాత్రి పిలవకుండానే అన్నానికి వస్తోంది, తొమ్మిదిన్నరకల్లా నిద్రపోతోంది. నాకెంత సంతోషమో చెప్పలేను.

ఆ సంతోషంలో కింద ఒక ఇల్లు ఉందన్న సంగతే నాకు తట్టలేదు. ఇది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

ఇరవై రోజుల తర్వాత ఒక సాయంత్రం మౌసీ పైకి వచ్చారు. చేతిలో ఒక గిన్నెలో పిఠాలు, అంటే ఒడియా వాళ్ల పిండివంట. కోపంగా రాలేదు, గుమ్మంలో నించుని మొహమాటపడుతూ "మా, టికే ధీరే" అన్నారు, అంటే అమ్మా, కొంచెం మెల్లగా అని. మౌసాకి గుండె జబ్బు, మందులు వేసుకుని మధ్యాహ్నం పడుకుంటారు. సెలవు రోజుల్లో పాప ఆడేది కూడా అప్పుడే, మేం భోజనాలు చేసి కాసేపయ్యాక. పై నుంచి ధమ్ ధమ్ అని దెబ్బలు పడుతుంటే ఉలిక్కిపడి లేచేవారట, వాళ్ల అద్దాల బీరువాలో కప్పులు గలగలలాడేవట. ఇరవై రోజులు ఓర్చుకున్నారు. వేరే వాళ్లయితే రెండో రోజే సెక్రటరీకి చెప్పేవాళ్లు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఆట మానిపిస్తానని చెప్పాను. అప్పుడు ఆవిడ అన్న మాట నేను మర్చిపోలేను, "పిల్ల ఆట మానిపించొద్దు, చప్పుడు తగ్గే దారి చూడు, నేనూ చూస్తాను" అన్నారు.

మొదట నేను చేసిన పనులన్నీ డబ్బు దండగ. ముందు పజిల్ ముక్కల్లా అతుక్కునే ఫోమ్ మ్యాట్లు తెచ్చి చాప కింద పరిచాను. కింద మౌసాని విని చెప్పమని అడిగితే, "టక్ టక్ పోయింది, ధమ్ ధమ్ ఉంది" అన్నారు. తర్వాత దాని మీద తివాచీ. మళ్లీ అదే మాట. ఆఖరికి పాత బూరుగు దూది పరుపు వేశాను, అది ఇంకా ఘోరం, కాలు దిగబడి బాణం సరిగ్గా పడదు, పాప మడమ మెలిపడింది, రెండు రోజులు కుంటింది. పరుపు మీద మాత్రం ఎవరూ ఆడించకండి.

ఇలా ఎందుకవుతోందో మా తమ్ముడు చెప్పాక అర్థమైంది. వాడు వైజాగ్‌లో ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయిస్తాడు, అద్దె ఇంట్లో మేడ మీద ఉంటాడు, కాబట్టి ఈ తిట్లన్నీ వాడు ముందే తినేశాడు. వాడు చెప్పింది ఇది. గాల్లో వచ్చే చప్పుడు వేరు, నేల మీద పడే దెబ్బ వేరు. మన ఊళ్లో ఠాకురాణి యాత్ర జరిగినన్నాళ్లూ వాద్యాలు మోగుతాయి, అది గాలిలో వచ్చే చప్పుడు, తలుపులూ కిటికీలూ వేసుకుంటే చాలా వరకు తగ్గుతుంది. పిల్ల గెంతి దిగినప్పుడు నేల మీద పడేది దాని బరువు ఒక్కటే కాదు, దానికి రెండు మూడు రెట్లు. ఆ అదురు స్లాబ్‌లోకి, బీముల్లోకి, గోడల్లోకి పాకుతుంది, కింద గదిలో కప్పు మొత్తం ఒక డప్పు చర్మంలా మోగుతుంది. దానికి తలుపులు లేవు. పలచటి ఫోమ్, తివాచీ ఆపేది పైపై టక్ టక్ శబ్దాన్నే, లోతైన ధమ్ అనేది వాటిని దాటి దిగిపోతుంది. మౌసా చెవి పట్టుకున్నదీ సరిగ్గా అదే, ఆయనకి ఈ శాస్త్రం ఏమీ తెలియకుండానే.

దీనికి డ్రమ్స్ వాళ్లు వాడే ఉపాయం టెన్నిస్ బంతుల బల్ల. బరువైన పలక ఒకటి, దాని కింద బంతులు, వాటి కింద ఇంకో పలక. బరువైన పలక మెత్తటి బంతుల మీద నిదానంగా ఊగుతుంది, ఆ ఊపు కంటే బాగా వేగంగా వచ్చే అదురు బంతుల్ని దాటి కిందికి పెద్దగా దిగదు. పైన బరువు పెరిగేకొద్దీ, బంతులు మెత్తగా ఉండేకొద్దీ, లోతైన చప్పుడు కూడా ఆగుతుంది. వీడియో కాల్‌లో కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. డ్యూటీ ముగించుకుని రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చి కూడా నాకోసం కూర్చునేవాడు. ఒరేయ్ తమ్ముడూ, నీకు ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

ఇప్పుడు మా వడ్రంగి తాతగారు. ఇచ్ఛాపురం నుంచి వచ్చి ఇక్కడ పనులు చేస్తుంటారు. మొదట విని తల అడ్డంగా ఊపారు, "ఏటమ్మా, మేకు కొట్టకుండా బల్ల ఎలా నిలుస్తాది?" అన్నారు. కానీ పని ఒప్పుకున్నాక ఆయన పెట్టిన శ్రద్ధ చూడాలి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఎనిమిది అడుగులకి నాలుగడుగుల షీటు ఒకటి తెచ్చి సగానికి కోశారు, రెండు నాలుగడుగుల చదరాలు వచ్చాయి. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి రెండంగుళాల హోల్ సాతో చిల్లులు వేశారు, కాబట్టి పై చిల్లుకి కింది చిల్లు సరిగ్గా ఎదురొచ్చింది. టెన్నిస్ బంతి అడ్డంగా రెండున్నర అంగుళాల పైనే ఉంటుంది, రెండంగుళాల చిల్లులో పెడితే పడిపోకుండా కాస్త కూరుకుని కూర్చుంటుంది, 18 మిల్లీమీటర్ల మందం ఉంది కాబట్టి అవతలి వైపుకి పొడుచుకురాదు. రెండు పలకల మధ్య అంగుళంన్నర ఖాళీ. పై పలక మీద చిల్లులు కనబడకుండా ఇంకో 12 మిల్లీమీటర్ల పలక బిగించారు, దాంతో బరువు కూడా పెరిగింది. అన్నిటికంటే కింద, టైల్స్ మీద, నా దండగ ఫోమ్ మ్యాట్లే పరిచాం.

బంతులకి మా ఆయన తెలిసిన ఒక టెన్నిస్ కోచ్ దగ్గరికి వెళ్లారు. ఎగరడం మానేసిన పాత బంతులు ఆయన దగ్గర బస్తాలో పడి ఉన్నాయి. మనకి కావలసిందీ అవే, గాలి తగ్గినవి మెత్తగా ఉంటాయి. నలభై ఇచ్చి పైసా తీసుకోలేదు. సార్, మీకు చాలా చాలా థాంక్స్.

మొదటిసారి 16 బంతులతో పెట్టాం. చప్పుడు తగ్గింది కానీ పాప అంచు మీద కాలు వేస్తే పలక ఆ పక్కకి ఒరిగింది, అది భయపడి దిగిపోయింది. తాతగారు నాలుగు మూలలా పొడుగు స్క్రూలు వేసి పై పలకనీ కింది పలకనీ కలిపేద్దామన్నారు. నేనూ సరే అన్నాను. అప్పుడే తమ్ముడికి ఫోన్ చేయడం మంచిదయింది, "అక్కా, ఒక్క స్క్రూ దిగినా దెబ్బ దాన్ని పట్టుకుని కిందికి దిగిపోతుంది, అంత పనీ వృథా" అని అరిచాడు. ఫోన్ తాతగారికే ఇచ్చాను. రెండు నిమిషాలు విన్నారు, తర్వాత ఆయన మొహం వెలిగిపోయింది. "ఉయ్యాలబల్ల అన్నమాట. గోడకి తగలకూడదు, నేలకి కట్టకూడదు" అన్నారు. అంతే, మిగతాది ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మర్నాడు వచ్చి ఇంకో 9 చిల్లులు వేశారు, అంచుల దగ్గర కొన్ని, బాణాల కింద కొన్ని. 25 బంతులయ్యాయి, ఊగడం చాలా తగ్గింది. గోడకి నాలుగు వేళ్ల దూరం వదిలారు. చాప జారకుండా రెండు వైపులా అంటుకునే టేపు వేశారు. ఆ రెండో రోజు కూలి ఇస్తే తీసుకోలేదు, "గుంట ఆడుకోనీ అమ్మా" అని వెళ్లిపోయారు. మొత్తం చెక్క, కూలి కలిపి ఆరు వేలు దాటింది, ఆయన కూలి పూర్తిగా తీసుకుని ఉంటే ఇంకా అయ్యేది.

ఇక అసలు పని చేసింది మౌసా. ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ పెట్టి చూశాం, ఆ లోతైన ధమ్ దానికి సరిగ్గా అందడం లేదు. ఆయన కుర్చీ వేసుకుని బీరువా పక్కన కూర్చునేవారు, మౌసీ ఫోన్ పట్టుకునేవారు, పైన పాప ఒకే పాట, ఒకే లెవెల్, మళ్లీ మళ్లీ ఆడేది. హాల్ మధ్యలో బల్ల పెడితే కప్పులు కొంచెం మోగాయి. బాల్కనీ వైపు మూలకి, స్తంభానికి దగ్గరగా జరిపాం, ఆగిపోయాయి. స్లాబ్ నడుమ భాగం ఎక్కువ ఊగుతుంది, బీముకీ స్తంభానికీ దగ్గర గట్టిగా ఉంటుంది, అందుకు. పైగా ఆ మూల కింద వాళ్ల వంటిల్లు, మౌసా మంచం అటు కాదు. నాలుగు సాయంత్రాలు ఇలా కూర్చున్నారు పాపం ఆ పెద్దాయన. ఇబ్బంది పడ్డ మనిషే ఓపిగ్గా విని, ఇది మేలు, ఇది కాదు అని చెప్పబట్టి మాకు దారి దొరికింది, లేకపోతే నేను ఇంకో పది రకాల మ్యాట్లు కొనేదాన్ని.

పాప తన వంతు తను చేసింది, అది కూడా రాయాలి. కొత్తగా నేర్చుకునే వాళ్లు ఒక బాణం తొక్కగానే మళ్లీ మధ్యలోకి వచ్చి నించుంటారట, అంటే ప్రతి బాణానికీ రెండు అడుగులు. అక్కడే ఉండి అక్కడి నుంచే తర్వాతి బాణానికి వెళ్లడం నేర్చుకుంటే అడుగులు దాదాపు సగమైపోతాయి. గట్టిగా తొక్కక్కర్లేదు, ముని పాదంతో తాకితే చాలు, చాప పట్టుకుంటుంది. ఇది అలవాటు కావడానికి దానికి నెల పట్టింది, స్కోరు పడిపోయిందని రెండు రోజులు మొహం ముడుచుకుంది, ఇప్పుడు ముందుకంటే బాగా ఆడుతోంది. రెండు బాణాల మీదికి ఒకేసారి గెంతే అడుగుల్ని సెట్టింగ్స్‌లో తీసేసింది, అవి ఆదివారం సాయంత్రానికి మాత్రమే. పాట హెడ్‌ఫోన్‌లో వింటుంది. వైరు ఉన్నదే వాడాలి, బ్లూటూత్‌లో పాట ఒక్క క్షణం ఆలస్యంగా వినబడి తాళం తప్పుతుంది.

వేళ కూడా మౌసీతో కూర్చుని పెట్టుకున్నాం. సాయంత్రం ఐదున్నర నుంచి ఆరున్నర, ఆ టైమ్‌కి మౌసా టీ తాగి నడకకి వెళ్తారు. మధ్యాహ్నం అసలు లేదు. రాత్రి ఎనిమిది దాటాక లేదు. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల్లో రాత్రి అంటే పది నుంచి ఆరు దాకా, ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 అని ఉంది. ఎవరో నాకు అది చూపించి "పగలు ఆడితే ఎవరూ ఏమీ అనలేరు" అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. మందు వేసుకుని మధ్యాహ్నం రెండింటికి కన్ను మూసే మనిషికి ఆ పది గంటల లెక్క ఏం పనికొస్తుంది?

ఇప్పుడు కింద అస్సలు వినబడదని చెప్పను. మౌసీ వంటింట్లో నించుంటే పైన ఎవరో నడుస్తున్నట్టు ఉంటుందట, అంతే. కప్పులు మోగడం లేదు, మౌసా పడుకుంటున్నారు.

మౌసా, మౌసీ, ఇది మీకు మా పాప చదివి ఒడియాలో చెబుతుంది. మీరు గొడవ పెట్టుకుని ఉంటే మేం ఆ చాప మడిచి అటక మీద పెట్టేసేవాళ్లం, పిల్ల మళ్లీ మూల కూర్చునేది. తాతగారూ, మీరు ఫోన్‌లో ఇవన్నీ చూడరని తెలుసు, మీ మనవడికి పంపాను, చదివి వినిపిస్తాడు.

బరంపురంలో గానీ, ఇచ్ఛాపురం వైపు గానీ ఎవరికైనా ఇలాంటి బల్ల కావాలంటే ఆ రెండంగుళాల హోల్ సా మా దగ్గరే ఉంది, పట్టుకెళ్లి పని అయ్యాక తెచ్చివ్వండి. కోచ్ గారిచ్చిన బంతులు ఇంకా 15 మిగిలాయి, వాటిని మాత్రం ఇవ్వలేను, మా బల్ల కిందవి అణిగిపోయినప్పుడు మార్చాలి.