కోర్టు తీర్పు మా అత్తగారు చదవలేదు

తెలంగాణ సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మల్కాజిగిరిలో ఉంటాం. ఈ ఉత్తరం టికెట్ రేట్ల గురించి కాదు. మీ దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది దానికోసమే వస్తారని విని ముందే చెబుతున్నాను. డాక్యుమెంటరీల గురించి రాస్తున్నాను.

మా చిన్నబ్బాయి గే. 2019 వేసవిలో మాకు చెప్పాడు. పెద్దవాళ్లు ఇష్టపడి పెట్టుకునే స్వలింగ సంబంధం నేరం కాదని 377 సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2018 సెప్టెంబరు 6న. మర్నాడు పేపర్లో ఆ వార్త చదివి, మడిచి, పాత పేపర్లలో పడేశాను. అది మా ఇంటి వార్తేనని నాకేం తెలుసు? వాడు చెప్పాక నేను చేసిన మొదటి పని వాణ్ణి ఒక డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లడం. ఆయన మూడు నెలలకి మాత్రలు రాసి, "తగ్గిపోతుందమ్మా, టెన్షన్ పడకండి" అన్నాడు. నేను నమ్మాను. వాడు మింగాడు. ఇలాంటి "వైద్యం" చేయడం డాక్టర్ల వృత్తి నియమాలకే విరుద్ధమని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. మాకు మూడేళ్లు ఆలస్యంగా.

నన్ను మార్చింది ఆ తీర్పు కాదు, ఆ కమిషనూ కాదు. ఒకరోజు వాడు నన్ను బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదికకి తీసుకెళ్లాడు. ఏదో హిందీ డాక్యుమెంటరీ వేశారు. నాకు సగమే అర్థమైంది. అందులో కలిసి కాపురముంటున్న ఇద్దరు మగవాళ్లు, గ్యాస్ బుక్ చేయడం ఎవరు మరిచిపోయారని పోట్లాడుకుంటారు. అంతే. మా ఆయనా నేనూ నెలకోసారి పడే గొడవే. అలాంటి మనుషుల్ని అప్పటిదాకా నేను మన సినిమాల కామెడీలోనే చూశాను. నడుం తిప్పుకుంటూ వస్తాడు, హీరో ఒకటి పీకుతాడు, హాలంతా నవ్వుతుంది. నేనూ నవ్వాను, పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని.

ఇక మా అత్తగారు. ఆవిడకి 84 ఏళ్లు. మనవడి పెళ్లి ఎప్పుడని రోజూ అడిగేది. ఆవిడకి ఏ తీర్పు చదివి వినిపించను? కింద సబ్‌టైటిళ్లు పడే సినిమాలు చూపిద్దామంటే ఆ అక్షరాలు ఆవిడ కంటికి ఆనవు. కిందటేడు మా వాడి స్నేహితులు నల్లగొండ వైపు ఒక తల్లితో మాట్లాడించి ఇరవై ఆరు నిమిషాల డాక్యుమెంటరీ తీశారు. ఆ తల్లి చింతపండు పిసుకుతూ మాట్లాడుతుంది. "చుట్టాలు అడుగుతరు. ఆని సంగతి ఆనికే ఎరుక, నన్నెందుకు అడుగుతరు అంట" అని నవ్వేస్తుంది. మా అత్తగారు టీవీకి దగ్గరగా కుర్చీ జరుపుకుని చూసింది. అయిపోయాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ పిల్లగాడు ఇంటికొస్తున్నాడా మరి?" అని ఒక్కటే అడిగింది. మర్నాటి నుంచి పెళ్లి మాట ఎత్తలేదు. ఒప్పుకుందో, అడగడం మానేసిందో నాకు తెలియదు. మా ఇంట్లో మాత్రం అన్నాల వేళ టెన్షన్ తగ్గింది.

నేను అడిగేది ఇదే: ఇలాంటివి తెలుగులో, మన యాసల్లో తీయించండి. తీసినవి జనం చూసేచోటికి చేర్చండి.

చోటు మీ ప్రభుత్వం దగ్గరే ఉంది. రవీంద్రభారతి పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్లో "సినివారం" పేరుతో భాషా సాంస్కృతిక శాఖ కొత్తవాళ్ల చిన్న సినిమాలు వేసింది. పాఠాలు చెప్పే ప్రభుత్వ టీవీ ఛానళ్లు, టీ-శాట్, జిల్లాల్లో బడులకీ ఇళ్లకీ చేరతాయి. ఆ శాఖలు మీవి కావని తెలుసు, ఒక ఫోన్ చేస్తే పోయేదానికి శాఖలెందుకు? బహిరంగంగా ప్రదర్శించాలంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. కాలేజీ పిల్లలు చందాలేసుకుని తీసిన సినిమాకి ఆ కాగితాలూ ఫీజులూ మోయడం కష్టం. ఆ ఖర్చు ఫిలిం డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పెట్టుకుంటే పెద్ద సినిమా ఒక పాట సెట్టు ఖర్చు కూడా కాదు.

ప్రభుత్వానికి ఇది ఇబ్బంది అంటారేమో. నా చిన్నప్పుడు సినిమాకి ముందు ఫిలింస్ డివిజన్ రీళ్లు వేసేవాళ్లు. కుటుంబ నియంత్రణ మాట ఇంట్లో ఎవరూ ఎత్తని రోజుల్లో, మా నాన్న పక్కనే కూర్చుని ఆ రీలు చూశాను. ఇద్దరం తెరవైపే చూశాం. అంతకన్నా ఇబ్బందా ఇది? 377 ఇంకా అమల్లో ఉండగానే, దాని దెబ్బ తిన్నవాళ్ల మీద శ్రీధర్ రంగాయన్ తీసిన "బ్రేకింగ్ ఫ్రీ" డాక్యుమెంటరీకి 63వ జాతీయ అవార్డుల్లో ఎడిటింగ్ బహుమతి వచ్చింది.

కథల కోసం దూరం పోనక్కర్లేదు. ఈ నగరంలో ఉండే హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలని, ఆడవాళ్ల బట్టలతో వీధిలో ఆడినా పాడినా వారెంటు లేకుండా పట్టుకుని రెండేళ్ల దాకా జైల్లో పెట్టొచ్చని నిజాం కాలంలో, 1919లో, ఒక చట్టం వచ్చింది. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, చట్టం ఉండిపోయింది. ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకెళితే 2023 జులైలో మన హైకోర్టు కొట్టేసింది. 2024 డిసెంబరులో ఇదే నగరంలో 39 మంది ట్రాన్స్‌జెండర్లు ట్రాఫిక్ అసిస్టెంట్లుగా చేరారు. ఈ నూటయిదేళ్ల మీద తెలుగులో ఒక మంచి డాక్యుమెంటరీ తీస్తే బడిలో చరిత్ర పాఠంగా చూపించొచ్చు.

టీచర్లకి కూడా చూపించాలి. వాళ్లకి అవగాహన కల్పించాలని ట్రాన్స్‌జెండర్ చట్టం కింద వచ్చిన 2020 నిబంధనల్లోనే ఉంది. నా సర్వీసులో ఎన్ని ట్రైనింగులకి పోయానో, ఒక్కదాంట్లోనూ ఈ ఊసు లేదు. తొమ్మిదో తరగతిలో ఒకణ్ణి తోటివాళ్లు "పేడి" అనేవాళ్లు. వాళ్లని గదిమి పాఠంలోకి వెళ్లిపోయేదాన్ని. దసరా సెలవుల తర్వాత ఆ పిల్లవాడు బడికి రాలేదు. నేను వాళ్లింటికి వెళ్లి అడగలేదు.

ఒక్క భయం ఉంది, అది చెప్పకపోతే తప్పు. కెమెరా పట్టుకున్న ప్రతివాడూ మంచి చేయడు. యూట్యూబులో ట్రాన్స్ మహిళల్ని కూర్చోబెట్టి ఆపరేషన్ గురించి, పడకగది గురించి గుచ్చి గుచ్చి అడిగే ఇంటర్వ్యూలు మీరూ చూసే ఉంటారు. అలాంటివాటికి ప్రభుత్వం డబ్బు ఒక్క రూపాయి కూడా పోకూడదు. సినిమాలో కనబడే మనిషి ముందు పూర్తిగా చూసి సరేనంటేనే విడుదల చేయాలి. ముఖం వద్దంటే ముఖం వద్దు. రేపు మనసు మారి తీసేయమంటే తీసేయాలి. నల్లగొండ తల్లి తన ముఖం చూపించింది, కొడుకు ముఖం చూపించనివ్వలేదు. వాడికి ఇంకా ఉద్యోగం రాలేదట. ఎవరిని తీయాలో, ఏం అడగాలో నిర్ణయించే కమిటీలో ఆ మనుషులే ఉండాలి. మాలాంటి తల్లులు ఒకరిద్దరు చాలు, మేం ఎక్కువ మాట్లాడతాం.

మా వాడు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ ఉత్తరం వాడికి చూపించే పంపుతున్నాను. డాక్టర్ సంగతి తీసేయమంటాడనుకున్నా, ఉంచమన్నాడు.

మా అత్తగారికి 84 ఏళ్లని రాశాను కదా. కొంచెం తొందరగా తీయిస్తే ఆవిడ కూడా చూస్తుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు టీచర్,
మల్కాజిగిరి, హైదరాబాద్