వార్షిక కార్యకలాపాల నివేదిక – 2024

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి వేడుకలు ఎప్పటిలాగే జరిగాయి. ఆదివారం తెలుగు బడి సాగుతోంది. వాటి ఫొటోలు అందరూ చూసినవే కాబట్టి, ఈసారి ఎక్కువ చోటు వేసవి యాత్రకే ఇస్తున్నాం.

ఉత్తర వేల్స్‌లోని లాన్‌బెరిస్‌కు, జాతీయ స్లేట్ (పలకరాయి) మ్యూజియం చూడటానికి వెళ్దామంటే "రాళ్ల కోసం అంత దూరమా?" అని చాలామంది పెదవి విరిచారు. తీరా వెళ్లాక వాళ్లను బస్సెక్కించడమే కష్టమైంది. అందుకు కారణం వ్రోన్ హైల్ అనే నాలుగిళ్ల వరస. తనగ్రిషై ఊళ్లో పలకరాతి గని కార్మికులు కాపురమున్న ఇళ్లవి. 1990ల చివర్లో రాయి రాయి విడదీసి, ఇక్కడికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఒకటి పిల్లల పాఠాలకు వాడుతూ, మిగతా మూడింటిని మూడు కాలాలకు, మూడు గని ఊళ్లకు తగ్గట్టు సర్దారు.

మొదటిది 1861 నాటి తనగ్రిషై ఇల్లు. రెండోది 1901 నాటి బెతెస్డా ఇల్లు, అంటే పెన్రిన్ గని సమ్మె నడుస్తున్న కాలం. 1900 నవంబరు నుంచి మూడేళ్లపాటు సాగిన ఆ సమ్మెలో, పనికి వెళ్లనివారు "ఈ ఇంట్లో ద్రోహి లేడు" అని రాసిన కార్డులను కిటికీల్లో పెట్టుకున్నారు. కార్డు లేని కిటికీ ఎవరిదో వీధి వీధంతటికీ తెలిసిపోయేది. గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్లలో ఆ మూడేళ్లు ఎలా గడిచాయో! మూడోది 1969 నాటి లాన్‌బెరిస్ ఇల్లు. ఒకప్పుడు మూడు వేల మందికి పైగా పనిచేసిన అక్కడి డినోర్విగ్ గని ఆ ఆగస్టులోనే మూతపడింది.

పిల్లలు మాత్రం రాయి చీల్చే పనివాడిని వదల్లేదు. దిమ్మను కాలికి ఆనించుకుని, వెడల్పాటి ఉలి పెట్టి కొయ్య సుత్తితో రెండు దెబ్బలు వేస్తే రాయి రేకులుగా విడిపోయింది. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన మన పెద్దలు ఆ రేకును వేలితో తడిమి చూశారు.

పులిహోర పాదార్న్ సరస్సు ఒడ్డున, సన్నటి వానలోనే తిన్నాం.

బస్సు ఖర్చు అంచనా దాటింది. వివరాలు కోశాధికారి లెక్కల్లో ఉన్నాయి. అయినా అది దండగ ఖర్చు కాదని కార్యవర్గం అభిప్రాయం. పునర్నిర్మాణం కోసం మ్యూజియాన్ని నవంబరులో మూసేశారు. అందుకని వచ్చే వేసవిలో బ్లైనై ఫెస్టినియోగ్ వెళ్దామని ప్రతిపాదిస్తున్నాం. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన పలకరాతి సీమలో ఆ ఊరూ భాగమే. అక్కడి కార్మికుల ఇళ్ల వరసల్లో ఇప్పటికీ జనం కాపురముంటున్నారు కాబట్టి, కిటికీల్లోంచి తొంగిచూడవద్దని పిల్లలకు ముందే చెప్పాలి. రాదలచినవారు ఉగాదిలోగా పేర్లివ్వండి.

– కార్యదర్శి